సీమ ముండ్లచెట్టును, మన రేగుచెట్టును

మన సంఘ సభ్యులలో కొందరు ఇటీవల ఒక క్రొత్త చెట్టును గూర్చి మమ్ము అడుగుచున్నారు. దాని పేరు అజరోలు. చేతిఫోనులలో దాని బొమ్మలను చూచినవారు, చూపినవారు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పదిమంది వరకు మాకు తగిలిరి. తెల్లని పూవులు గుత్తులు గుత్తులుగా విరిసి ఉండును. చిన్న ఆపిలు పండ్లవలె ఎఱ్ఱగానో పసుపుపచ్చగానో కాయలు నిండి ఉండును. "ఇది ముండ్లచెట్టు, నీటిని ఎక్కువగా కోరదు, ఱాతినేలలోనైనను పెరుగును, పండు అమ్ముకొనవచ్చును, ఇంటిముందర నాటినచో చూచుటకును ముచ్చటగా ఉండును, మన గరుసు నేలలకు ఇంతకంటె తగినది ఏమున్నది?" అని వారి ప్రశ్న. ప్రశ్న మంచిదే. ఎండనేలలో ఏమి నాటవలెనని ఆలోచించు రైతును మేమెన్నడును పరిహసింపము. కాని మా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాము. ఆ చెట్టు మనకు వలదు. ఆ చెట్టును ఆయా దేశముల రైతులు ఏ విధముగా బాగుచేసికొనిరో, ఆ విధము మాత్రము మనకు కావలెను.

ముందుగా చెట్టును గూర్చి తెలిసికొందము. అజరోలు మధ్యధరా సముద్రపు తీరదేశములది. ఇటలీ, సిసిలీ, ఉత్తర ఆఫ్రికా, సైప్రసు, సిరియా, పాలస్తీనా, టర్కీ మున్నగు దేశముల కొండవాలులయందు అది తనంతట మొలచును. అరబ్బులు దానిని జారూరు అందురు. గులాబి కుటుంబమునకు చేరినది గాన ఆపిలుకును, బేరికిని దాయాది. పండు తీపి, పులుపు కలిసి ఆపిలు రుచిని తలపించును; లోపల రాయివంటి గింజలు ఒకటి మొదలు మూడు వరకు ఉండును. సున్నపు నేలను, ఎండను, నీటి కొఱతను ఓర్చుకొనును. ఇంతవరకు మన సభ్యులు విన్నది సత్యమే.

అయితే ఆ దేశముల కాలక్రమము మనది కాదు. అక్కడ వానలు చలికాలమున కురియును, వేసవి పొడిగా ఉండును. శీతకాలపు చలిని కొన్ని వారములు అనుభవించినగాని ఆ జాతి చెట్టు మొగ్గలు నిద్ర మేల్కొనవు. ఆపిలు చెట్టు కాశ్మీరమున కాచి కౌతాళమున కాయకుండుటకు కారణమేదో, దీనికిని అదియే కారణము. మనకు డిసెంబరు రాత్రులు సైతము 15 డిగ్రీల చుట్టుపట్ల ఉండును. ఏప్రిల్, మే మాసములలో పగటి వేడి 40 డిగ్రీలు దాటును. వానలు జూన్ మొదలు అక్టోబరు వరకు, అవియును తమ ఇష్టము వచ్చినట్లు కురియును. ఇట్టిచోట ఆ చెట్టు బ్రతికినను బ్రతుకునేమో గాని పూచి కాయునని నమ్మి డబ్బు పెట్టుట వివేకము కాదు. పైగా దాని గింజ మొలచుటకే ఒకటిన్నర సంవత్సరము పట్టవచ్చును. చెట్టు మెల్లగా ఎదుగు జాతి. కొడుకునకు నాటుట మంచిదే. కాయని చెట్టును కొడుకునకు నాటుట ఎందుకు?

ఇక పేరును గూర్చి ఒక హెచ్చరిక. అసెరోలా అను పేరుతో మొక్కలను అమ్మువారు కలరు. అది అజరోలు కాదు. అది పశ్చిమ ఇండియా దీవుల వైపు పుట్టిన వేఱొక చెట్టు. బార్బడోసు చెర్రీ అనునది అదే. స్పెయిను వారు ఆ దీవులకు పోయినపుడు, దాని ఎఱ్ఱని పండు తమ దేశపు అజరోలు పండును పోలియుండుటచే ఆ పేరును దానికి అంటగట్టిరి. ఆ చెట్టు వేడిదేశమునకు సరిపడునది, నీరున్న పెరటిలో ఒకటి నాటుకొనుటకు అభ్యంతరము లేదు. కాని ఒక పేరు చూచి మఱియొక చెట్టును కొని, రెండేండ్లు నీరు పోసిన తరువాత "ఇది బొమ్మలోని చెట్టు కాదే" అని మా యొద్దకు వచ్చినచో మేము చేయగలిగినది ఏమియు లేదు.

దూరదేశపు ముండ్లచెట్టును తెచ్చి మన సీమలో నాటుట ఇదియే మొదటిసారి కాదని మన రైతులలో పలువురు ఎఱుగరు. ధాత కరువు మన పెద్దల నోట వినబడునదే. 1876 మొదలు 1878 వరకు ఈ సీమను ఎండగట్టిన ఆ కరువు నాటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు గదా అది ఇటు వచ్చి చేరినది. సరిగా ఆ కరువు సంవత్సరములలోనే, 1877 ప్రాంతమున, కడప జిల్లా కమలాపురము దగ్గర అటవీశాఖ వారు జమైకా దీవినుండి తెప్పించిన ఒక ముండ్లచెట్టు విత్తనములను చల్లించిరి. వంటచెఱకు దొరకును, బీడునేల కప్పబడును అని వారి ఉద్దేశము. ఉద్దేశమును మేము తప్పుపట్టము. ఆ చెట్టే నేడు మన చెఱువు కట్టలను, బీళ్లను, వంకలను ఆక్రమించి కూర్చున్న సర్కారు తుమ్మ. వంటచెఱకు ఇచ్చినది, బొగ్గు ఇచ్చినది, నిజమే. కాని గట్టుమీద ఒకసారి నిలదొక్కుకొన్న తరువాత దానిని పెకలించుటకు పొక్లెయిను పిలువవలసి వచ్చుచున్నది. అజరోలు అట్లు వ్యాపించునని మేము చెప్పుట లేదు. వచ్చిన చెట్టు మన ఉద్దేశము ప్రకారము నడచుకొనవలెనని నియమము లేదని మాత్రమే చెప్పుచున్నాము.

మఱి ఆ తీరదేశముల జనులు తమ ముండ్లచెట్టును ఏమి చేసికొనిరి? ఇదియే మాకు ముఖ్యముగా తోచు విషయము. కొండమీద అడవి అజరోలు కాయ చిన్నది, గింజ పెద్దది, కండ తక్కువ. వారు దానిని నఱకి పొయ్యిలో పెట్టలేదు, మఱియొక దేశపు చెట్టుకై ఉత్తరములు వ్రాయలేదు. కొండలపై తిరిగి ఏ చెట్టు కాయ పెద్దదో, తియ్యనిదో ఏరిరి. ఆ చెట్టు కొమ్మను తెచ్చి ఊరి దగ్గర ఉన్న మోటుముండ్ల చెట్టుకు అంటుకట్టిరి. కొన్ని తరములకు ఎఱ్ఱ కాయలవి, పసుపు కాయలవి, తెల్ల కాయలవి వేఱువేఱు రకములు నిలిచినవి. టర్కీలో ఆ జాతి పండ్లను దారమునకు గుచ్చి దండలుగా వీధులలో అమ్ముదురు. సైప్రసు దీవిలోని ఇల్లాండ్రు వాటితో పాకము కాచి సీసాలలో నిలువచేయుదురు. తోటపంటగా అది గొప్పది కాదు. ద్రాక్షకును, ఆలివుకును ఉన్న గౌరవము దానికి లేదు. అయినను పనికిరాని ఱాతిగట్టు ఇంటికి ఒక చిన్న రాబడి ఇచ్చునట్లు చేసికొనిరి.

మన ఱాతిగట్లమీద అట్టి చెట్టు లేదా? ఉన్నది. దాని ముల్లు గీరని పంచె ఈ తాలూకాలలో ఒకటైనను ఉండదు. అది రేగుచెట్టు, మన సీమ మాటలో రేణి, మన కన్నడ సోదరులు ఎలచి అందురు. కోసిగి నుండి హొళగుంద వరకు, గోనెగండ్ల నుండి పెద్దకడబూరు వరకు ఏ గట్టు చూచినను, ఏ వంక చూచినను ఉన్నదే. భోగినాడు పిల్లల తలపై పోయుటకు అదే పండు. శబరి రుచి చూచి రామునికి ఇచ్చిన పండు అదేయని జనులు చెప్పుకొందురు. పాలస్తీనా దేశమునందును దాని జాతిచెట్టు ఒకటి కలదు. క్రీస్తు శిరముపై ఉంచిన కిరీటము ఆ చెట్టు ముండ్లతో అల్లినదేయని అక్కడి పరంపర; వృక్షశాస్త్రజ్ఞులు సైతము దానికి క్రీస్తు ముల్లు అను అర్థము వచ్చు పేరే పెట్టిరి. బడిలో ఆ కథను చదివిన నాటినుండి మాకు రేగుముల్లు గ్రుచ్చుకొన్నపుడెల్ల అది గుర్తుకు వచ్చుచుండును. ఇంత చుట్టరికము గల చెట్టును మనము కంపకొఱకు మాత్రమే వాడుకొనుచున్నాము.

ఈ చెట్టు నడవడిని కొంచెము గమనింపుడు. వేసవి ముదిరినపుడు ఆకు రాల్చి నిద్రించును. అనగా నీరు లేని నెలలలో నీరు అడుగదు. తొలకరి పడగానే క్రొత్త చిగుళ్లు వేయును. వర్షములు ముగియు వేళకు పూచి, నేలలో మిగిలిన తేమతో కాయ పెంచుకొని, చలికాలమున పండును. మన వాన ఎట్లు వచ్చి పోవునో అట్లే దాని ఏడాది సాగును. దాని తల్లివేరు లోతునకు పోవును. ఎఱ్ఱ గరుసులో పెరుగును, నల్లరేగడిలో పెరుగును. తుంగభద్ర దిగువ కాలువ క్రింద చౌడు తేలి మడి పాడైనచోట సైతము, తక్కిన పండ్లచెట్లకంటె ఎక్కువగా ఓర్చుకొనును. ఆకు మేకలకును గొఱ్ఱెలకును మంచి మేత. ఇక పండులో శరీరమునకు మేలుచేయు సీ విటమిను ఆపిలు పండులో ఉన్నదానికంటె ఎన్నో రెట్లు అధికము. మార్కెట్టులో ఆపిలును కొని రోగికి పెట్టుచు, గట్టుమీది రేగును పిల్లలు తిన్నచో దగ్గు వచ్చునని గదమాయించు మన ఆచారమును ఏమనవలెను?

అయితే గట్టుమీది అడవిరేగు కాయను ఉన్నది ఉన్నట్లు అమ్మబూనినచో కూలి కూడ గిట్టదు. కాయ ఉసిరిగింజంత, గింజ చుట్టు కండ పొరవలె ఉండును. కావలసినది అంటు. ఉత్తరదేశమున రైతులు ఏరి నిలిపిన గోలా, సేబు, ముండియా, కైథలీ, బనారసీ, ఉమ్రాను అను రకములు కలవు. 1959 నుండి ఆ పేరుతో జోధ్‌పూరులో నడుచుచున్న కేంద్ర శుష్కమండల పరిశోధన సంస్థ వారును, 1993లో బికనీరులో నెలకొన్న శుష్క ఉద్యాన కేంద్రము వారును, మనకంటె తక్కువ వాన గల ఇసుకనేలలయందు ఈ రకములను పెంచి చూపిరి. గోలా ముందుగా పండును. గుండ్రని కాయ, రసము ఎక్కువ. ఉమ్రాను ఆలస్యముగా పండును; కోలకాయ, బంగారు రంగునకు తిరుగును, దూరము పంపినను ఓర్చును. ఒక్కొక్క ఉమ్రాను కాయ 30 గ్రాములు దాటుట సామాన్యము.

మేము క్రొత్తగా తోట వేయుమని చెప్పుట లేదు. ఉన్న చెట్టునే మార్చుకొనుడని చెప్పుచున్నాము. దాని పద్ధతి ఇది. గట్టుమీద బలముగా ఉన్న అడవిరేగును ఏప్రిల్ నెలాఖరులో మోకాలెత్తున అడ్డముగా కోయవలెను. తొలకరికి ఆ మోడునుండి పదిపదునైదు చిగుళ్లు వచ్చును. వానిలో బలమైనవి మూడు నాలుగు ఉంచి తక్కినవి తీసివేయవలెను. అవి పెన్సిలు లావునకు వచ్చినపుడు, సాధారణముగా జూన్ జూలై మాసములలో, మేలురకపు చెట్టు లేతకొమ్మనుండి ఒక కన్నును బెరడుతో సహా డాలు ఆకారముగా తీసి, మోడు చిగురుపై బెరడును గీసి తెఱచి అందులో దూర్చి, కన్ను మాత్రము బయటికి కనబడునట్లు ప్లాస్టికు పట్టీతో బిగించి కట్టవలెను. మూడు నాలుగు వారములకు కన్ను పచ్చగా నిలిచినచో కట్టు విప్పి, కన్నునకు పైనున్న కొమ్మను కోసివేయవలెను. ఆ తరువాతి పనియే చాలమంది మఱచునది: క్రింది మోటుచెట్టు చిగుళ్లు మఱల మఱల వచ్చుచుండును, వానిని వారమునకు ఒకసారి గిల్లివేయుచుండవలెను. ఒక్క నెల ఏమఱినచో మోటు కొమ్మ పైకి పోయి మేలు కొమ్మను చంపును. "అంటు వేసితిమి, మఱల అడవికాయే కాచినది" అను రైతు మాటకు కారణము నూటికి తొంబదిపాళ్లు ఇదియే. మోడు చెట్టునకు పాతవేరు ఉన్నది గాన మఱుసటి ఏటనుండియే కాయ చూడవచ్చును.

చెట్టు లేని గట్టున గింజ నాటదలచినవారు గింజలను ఉప్పునీటిలో వేసి, తేలినవానిని పాఱవేసి, మునిగినవానిని తీసికొనవలెను. పెంకును మెల్లగా పగులగొట్టి లోపలి పప్పును నాటినచో వారము పదిదినములలో మొలచును. పెంకుతో నాటినచో నెల పట్టును. గింజను ఉండవలసిన చోటనే నాటి, అక్కడనే అంటుకట్టుట మేలు. సంచిలో పెంచి తెచ్చిన మొక్క తల్లివేరు చుట్టలు చుట్టుకొనియుండును, అట్టిది మన వేసవిని తట్టుకొనలేదు. చెట్టునకు చెట్టునకు 6 మీటర్లు విడువవలెను. క్రిందిపక్కను అర్ధచంద్రముగా చిన్నకట్ట వేసినచో పడిన వాన చెట్టు మొదట నిలుచును. మొదటి రెండేండ్లు మేకలనుండి కాచుటయే కష్టము. దానికి రేగుకంపయే కావలి.

కొమ్మ కత్తిరింపు మాటయు చెప్పవలెను, ఏలననగా ఇందులో మన రైతులు మనసొప్పరు. ఈ చెట్టు కాయ కాయునది ఆ ఏటి క్రొత్త కొమ్మలమీదనే. పాతకొమ్మను అట్లే ఉంచినచో చెట్టు పొదవలె ముసరి, కాయ ఏటేటికి చిన్నదగును. కాన ప్రతియేట ఆకు రాలిన వేసవిలో, గడచిన ఏటి కొమ్మను సగమునకు కోయవలెను. కోసిన కంప కంచెకు పోవును, ఆకు ఏమైన మిగిలియున్న మేకకు పోవును. పచ్చని చెట్టును కోయుట పాపమని మాతో వాదించిన పెద్దలు కలరు. ద్రాక్షతోట వారు ఏటేట కోయుదురు గదా అని మేము సమాధానము చెప్పితిమి. "ద్రాక్ష డబ్బిచ్చును, కోయుదురు" అని వారనిరి. రేగును డబ్బిచ్చునట్లు చేయవలెననియే మా ఆశ.

ఇపుడు కష్టముల మాట. రేగునకు రెండు శత్రువులు ముఖ్యములు. ఒకటి బూడిద తెగులు. పూతమీదను, పిందెమీదను తెల్లని పొడివలె కప్పును. కనబడగానే నీట కలియు గంధకపు పొడిని చల్లినచో అణగును. రెండవది కాయ ఈగ. పిందె బఠానీ గింజంత ఉన్నపుడే ఈగ దానిలో గ్రుడ్డు పెట్టును; పురుగు లోపల తిని, రాలిన కాయతో నేలకు దిగి, మట్టిలో గూడు కట్టుకొని, తరువాతి కాపునకు మఱల ఈగయై లేచును. రాలిన కాయలనెల్ల ఏరి లోతుగా పూడ్చుట, వేసవిలో చెట్టు క్రింది నేలను త్రవ్వి గూళ్లను ఎండకు పెట్టుట, ఈ రెండును ఖర్చులేని మందులు. మందు కొట్టవలసివచ్చినచో రైతు సేవా కేంద్రమున అడిగి, పండు కోతకు ముందు ఎన్ని దినములు ఆగవలెనో తెలిసికొని కొట్టవలెను.

కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఒక రైతు తన పది చెట్ల క్రింద శుభ్రముగా ఏరి, త్రవ్వి, మందు కొట్టినను, పొరుగువాని గట్టుమీది అడవిరేగులో ఈగ పెరిగి ఇటు వచ్చును. ఈగకు సర్వేనెంబరు తెలియదు. కావుననే ఈ పని ఒక్కొక్కడుగా చేయునది కాదని, సంఘము పూనుకొనవలసినదని మేము చెప్పుట. ఒక వంక పొడవున ఉన్న గట్ల రైతులందరును ఒకే వేసవిలో తమ చెట్లను కోసి, ఒకే తొలకరిలో అంటుకట్టి, ఒకే వారమున రాలినకాయ ఏరినచో ఈగ తగ్గును. ఒక్కడే చేసినచో వాని కష్టము ఈగలపాలగును.

సంఘము చేయవలసినవి మఱికొన్నియు ఉన్నవి. అంటుకట్టు చేయి తిరిగినవాడు మన గ్రామములలో అరుదు. సంఘమునకు ఇద్దరు ముగ్గురు యువకులను పంపి నేర్పించుట సాధ్యమే. ఒకడు నేర్చినచో ఒక తొలకరిలో గ్రామమునకు సరిపడును. మేలురకపు కన్నులను ఒక్కొక్కరు తెచ్చుకొనబోయినచో బస్సు ఖర్చే చెట్టు వెలను మించును. సంఘము కలిపి తెప్పించి తడిగుడ్డలో చుట్టి పంచవలెను. అమ్మకమును అట్లే. పండిన రేగు నాలుగైదు దినములకంటె ఎక్కువ నిలువదు. ఒక రైతు బుట్టెడు పండ్లను నెత్తిన పెట్టుకొని ఆదోని మార్కెట్టుకు పోయినచో కొనువాడు చెప్పినదే ధర. సాయంత్రమగుకొలది ఆ ధరయు దిగును. గ్రామము పండు ఒకచోట చేర్చి, పెద్దకాయ, చిన్నకాయ వేఱుచేసి, పెట్టెలలో పంపినచో మాట వేఱుగా ఉండును. ఎమ్మిగనూరు వారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిన నాటినుండి, ఒక్కొక్క మగ్గము ఒంటరిగా ఉండుటకును, మగ్గములన్నియు ఒక సంఘమై నూలు తెచ్చి బట్ట అమ్ముటకును గల భేదమును ఆ ఊరు కన్నులార చూచినది.

చిన్నకాయ, మచ్చకాయ, ఎక్కువ పండినకాయ వృథా కానక్కరలేదు. బెల్లము, ఉప్పు, మిరపకాయ, జీలకఱ్ఱ చేర్చి దంచి ఎండబెట్టిన రేగివడియములు మన ఇల్లాండ్రకు క్రొత్తవి కావు. ఒకనాడు ప్రతి ఇంట ఉండెడివి. నేడు పట్టణపు దుకాణమున చిన్న పొట్లములుగా కట్టి అమ్ముచున్నారు, మనవారే కొనుచున్నారు! సైప్రసు స్త్రీల పాకపు సీసాలకు మన వడియములు తీసిపోవు. మహిళా సంఘములు ఈ పనికి పూనుకొనినచో మన సంఘము మొదటి పెట్టుబడిని అప్పుగా ఇచ్చుట న్యాయమని మా అభిప్రాయము.

సుగ్గి మాటను ఎత్తకుండ ఈ వ్యాసమును ముగించుట కపటమగును. పత్తి తీత ముగిసిన తరువాత ఈ సీమలోని ఇండ్లకు తాళములు పడుటయు, పిల్లలను బడినుండి మాన్పించి వెంటతీసికొని గుంటూరు మిరపచేలకు బండ్లు కట్టుకొని పోవుటయు మనమందరము ఎఱిగినదే. రేగుపండు పండునది సరిగా ఆ నెలలలోనే. చెట్టును బాగుచేసి, పండు పండు వేళకు ఇంటివారెల్ల సుగ్గికి పోయినచో పండు చిలుకలకును, నక్కలకును చేరును. ఇది పెద్ద అభ్యంతరమే. కొందరు అధికారులు దీనిని ఆలోచింపకయే లెక్కలు వేయుదురు. మా లెక్క ఇది: ఎదిగిన అంటుచెట్టు వర్షాధారముగా 50 కిలోల చుట్టుపట్ల కాయుట విశేషము కాదు. పది చెట్ల పండు ఒక కుటుంబము మొత్తమును సుగ్గినుండి ఆపునని మేము అనము, అట్లన్నచో అబద్ధమగును. మిరపచేలలో ఇంటిల్లిపాది రెండు మూడు నెలలు తెచ్చు కూలితో అది సరితూగదు. కాని ఒక తల్లియో, ఒక అవ్వయో ఊర నిలిచి పండు కోయించి సంఘమునకు చేర్చుటకు సరిపడు పని అందులో ఉన్నది. ఆమె నిలిచినచో పిల్లలును నిలుతురు, బడియును నిలుచును. ఆ ఒక్క కారణము చేతనే ఈ ముండ్లచెట్టు మాట ఇంత దూరము తెచ్చితిమి.

ఆపిలు రేగు అను పేరుతో కొన్నేండ్లుగా వచ్చిన పెద్దకాయ రకమును గూర్చి కూడ అడుగుదురని ఎఱుగుదుము. బోరు నీరు, ఎరువు, కొమ్మలకు ఊతకఱ్ఱలు పెట్టు స్తోమత గలవారు వేసికొనవచ్చును. మొదటి ఏళ్లలో లాభపడినవారు ఉన్నారు, అందరు వేసిన తరువాత ధర పడి చెట్లు కొట్టివేసినవారును ఉన్నారు. అది నీటి పంట. మేము చెప్పునది నీరు లేని గట్టు మాట.

సభ్యులు చేయవలసినది ప్రస్తుతమునకు కొంచెమే. ఈ వేసవిలో సర్కారు తుమ్మతో పాటు రేగును కూడ మొదలంట నఱికించుట మానుడు. గట్లమీద ఎన్ని రేగుచెట్లు ఉన్నవో, వానిలో తొడలావున మోడు గలవి ఎన్నో లెక్కపెట్టి సంఘ కార్యదర్శికి తెలుపుడు. మీ ఊర ఏదేని అడవిరేగు తక్కిన వానికంటె పెద్దకాయ, తియ్యనికాయ కాయుచున్నచో, పిల్లలను అడుగుడు. ఏ చెట్టు కాయ మంచిదో పశువుల కాపరి పిల్లలకు తెలిసినట్లు మాకును తెలియదు. అట్టి చెట్టు మొదటికి ఒక గుడ్డపీలిక కట్టి ఉంచుడు. తొలకరికి కన్నులు తీయునపుడు ఉత్తరదేశపు రకములతో పాటు దానినుండియు కొన్ని తీసి అంటుకట్టి చూతము.